అన్నం చివరి మజిలీ

యాసంగి కోతలు మొదలయ్యాయంటే దామరచర్ల మీదుగా పోయే నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు నిండా వడ్ల ట్రాక్టర్లే. ఒకవైపు కృష్ణలో మూసీ కలిసే వాడపల్లి, మరోవైపు రైస్ మిల్లులకు పేరుపడ్డ మిర్యాలగూడ. ఈ దారిలో ఎవరిని ఆపి అడిగినా వడ్ల గురించి గంటసేపు చెప్పగలరు. తేమ ఎంత, తాలు ఎంత, మర పడితే నూక ఎంత, ఏ రకానికి ఏ ధర అన్నీ వాళ్లకు నోటికొచ్చు. అవే వడ్లు బియ్యమై, అన్నమై గొంతు దిగాక ఏమవుతాయని అడిగితే మాత్రం జవాబు ఒక్క మాటలో ముగుస్తుంది: అరిగిపోతాయి.

చాలావరకు అది నిజమే. అయితే అన్నంలో అరగకుండా మిగిలిపోయేది కొంత ఉంటుంది. ఆ కొంచెం కోసమే పెద్దపేగులో ఒక జీవి కాచుకుని ఉంటుంది. దాని పేరు రుమినోకాకస్ బ్రోమీ. మైక్రాన్ అటూ ఇటుగా ఉండే గుండ్రటి బ్యాక్టీరియా, గాలి తగిలితే బతకదు. మూడు పూటలా అన్నం తినే మనకు దీని గురించి తెలిసి ఉండటం అవసరమని నా గట్టి నమ్మకం.

బియ్యంలో ఎక్కువ భాగం పిండిపదార్థం. గ్లూకోజు అణువులు ఒకదానికొకటి తగులుకుని ఏర్పడిన గొలుసులే ఈ పదార్థం. వాటిలో రెండు రకాలున్నాయి. కొమ్మలు కొమ్మలుగా విస్తరించినది అమైలోపెక్టిన్, దాదాపు కొమ్మలు లేకుండా సాగినది అమైలోజు. వండినప్పుడు నీళ్లు పీల్చుకుని గొలుసులు విడివడతాయి. అప్పుడు మన లాలాజలం, క్లోమరసం వాటిని తేలిగ్గా తుంచి చక్కెర చేస్తాయి, చిన్నపేగు ఆ చక్కెరను రక్తంలోకి లాగేస్తుంది. వేడి అన్నం తిన్న కాసేపటికే రక్తంలో చక్కెర పెరగడానికి కారణం ఇదే. అన్నం చల్లారితే మాత్రం విడిపోయిన అమైలోజు గొలుసులు మళ్లీ దగ్గరకు జరిగి బిగుసుకుంటాయి. బిగుసుకున్న చోట మన జీర్ణరసాలకు పట్టు దొరకదు. ఆ భాగం చిన్నపేగు దాటి పెద్దపేగులోకి చేరుతుంది. దీన్ని రెసిస్టెంట్ స్టార్చ్ అన్నారు, అంటే అరగని పిండి. ఇంగ్లండులో హాన్స్ ఇంగ్లిస్ట్, ఆయన సహచరులు 1982లో ఈ పేరు పెట్టారు. తీరు చూస్తే పిండే గాని, శరీరంలో చేసే పని పీచు చేసే పని.

పెద్దపేగు పొడవు సుమారు ఒకటిన్నర మీటర్లు. మన ఒంట్లో ఉండే బ్యాక్టీరియాలో అత్యధికం అక్కడే ఉంటుంది. వాటి సంఖ్య సుమారు 38 లక్షల కోట్లని, అన్నీ కలిపి తూస్తే 200 గ్రాములని 2016లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అక్కడ ఆక్సిజన్ దాదాపు ఉండదు. ఈ కారణంగానే ఆ జీవుల్లో చాలావాటిని ప్రయోగశాలలో పెంచడం చాలాకాలం సాధ్యం కాలేదు. దారి చూపింది పశువుల పొట్ట. గడ్డిని అరిగించే సూక్ష్మజీవుల్ని ఆవు నెమరు సంచి నుంచి తీసి, గాలి చొరబడని గొట్టాల్లో పెంచే పద్ధతిని అమెరికాలో రాబర్ట్ హంగేట్ రూపొందించాడు. రుమినోకాకస్ అనే ప్రజాతిని 1948లో తొలిసారి వర్ణించింది కూడా ఆవు నెమరు సంచి నుంచి తీసిన జీవులను బట్టే. మనిషి పేగులోని బ్రోమీకి 1972లో వర్జీనియాలో మూర్, కేటో, హోల్డెమన్ పేరు పెట్టారు. వరిగడ్డిని పాలుగా మార్చుకునే మన గేదె కడుపులో దీని దాయాదులు ఉన్నాయి. బ్రోమీ రకాలే కొన్ని పశువుల్లోనూ దొరికాయి.

దీని పనితనం దగ్గరగా చూడదగ్గది. పేగు గుజ్జులో తేలే ఓ పిండిరేణువును ఊహించుకోండి. చుట్టూ రకరకాల బ్యాక్టీరియా ఉన్నా, బిగుసుకున్న ఆ రేణువును తాకి వదిలేసేవే ఎక్కువ. బ్రోమీ వచ్చి అంటుకుంటుంది. దాని ఒంటి మీద పొడవైన ప్రోటీన్లు ఉంటాయి, వాటిలో వరసగా గూళ్లలాంటి భాగాలుంటాయి. పిండిని కోసే ఎంజైముల చివర ఆ గూళ్లలో సరిగ్గా ఇమిడే భాగాలుంటాయి. ఎంజైములు చెల్లాచెదురుగా పోకుండా ఒకేచోట గుత్తిగా చేరి రేణువును నలువైపుల నుంచీ కోస్తాయి. 2015లో స్కాట్లండ్, ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు కలిసి ఈ ఏర్పాటును గుర్తించి దానికి అమైలోజోమ్ అని పేరు పెట్టారు. ఇలాంటి ఏర్పాటు అంతకుముందు గడ్డిలోని సెల్యులోజును కోసే బ్యాక్టీరియాలోనే తెలుసు. మనిషి పేగులో ఒక జీవి దాన్ని పిండి కోసం వాడుకుంటుందని అప్పుడే తెలిసింది.

ఒక్క బ్రోమీయేనా ఈ పని చేసేది? ఈ ప్రశ్నకు 2012లో అబర్డీన్‌లోని రోవెట్ సంస్థలో హ్యారీ ఫ్లింట్ బృందం సూటిగా జవాబు వెతికింది. పిండి తినగల పేగు బ్యాక్టీరియా నాలుగింటిని తీసుకుని అరగని పిండి ముందు పెట్టారు. బ్రోమీ మిగతా మూడింటినీ చాలా వెనక్కి నెట్టింది. ఇంకా విశేషమేమిటంటే, బ్రోమీని పక్కన చేర్చినప్పుడు ఆ మూడూ తాము ఒంటరిగా తినలేని పిండి మీద పెరిగాయి. అది కోసి వదిలిన చక్కెర వాటికి అందింది. అరగని పిండిని పులియబెట్టలేని ఒక మనిషి మలం నమూనాకు బ్రోమీని కలిపి చూశారు, పులియడం మొదలైంది. వేరే జాతిని కలిపితే అలా జరగలేదు.

అదే బృందం అంతకు ఏడాది ముందు, 2011లో, మరో అధ్యయనం వెలువరించింది. అధిక బరువున్న 14 మంది పురుషులకు కొన్ని వారాలపాటు అరగని పిండి ఎక్కువున్న భోజనం పెట్టారు. పన్నెండుమందిలో ఆ పిండి దాదాపు పూర్తిగా పులిసిపోయింది. మిగతా ఇద్దరిలో 60 శాతానికి పైగా అలాగే బయటికి వచ్చేసింది. ఆ ఇద్దరి పేగుల్లో బ్రోమీ జాడ చాలా తక్కువ.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. మేజరు కాలువ నిండా నీళ్లున్నా, తూము దగ్గర కాలువ పనివాడైన లష్కరు షట్టరు ఎత్తకపోతే చివరి భూములకు తడి అందదు. బ్రోమీ పెద్దపేగులో లష్కరు. అది పిండిని విప్పి వదిలితేనే వెనకున్న వందల జాతులకు తిండి.

ఆ వెనకున్నవాటిలో మనకు బాగా కావలసినవి కొన్ని ఉన్నాయి. బ్రోమీ స్వయంగా బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని తయారు చేయదు. దాని ఎంగిలి తిని బతికే యూబాక్టీరియం రెక్టేల్, ఫీకాలిబాక్టీరియం వంటివి చేస్తాయి. పెద్దపేగు లోపలి గోడ కణాలు తమకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతం ఈ బ్యూటిరేట్ నుంచే తీసుకుంటాయి. మన ఒంట్లో మిగతా కణాలకు రక్తంలో వచ్చే పోషకాలు ప్రధానం, వీటికి మాత్రం బ్యాక్టీరియా వండి పెట్టిన తిండి ముఖ్యం. బ్యూటిరేట్‌ను కాల్చుకునేటప్పుడు ఆ కణాలు చుట్టూ ఉన్న ఆక్సిజన్‌ను వాడేస్తాయి, పేగు లోపల గాలి లేకుండా ఉంటుంది, గాలి పడని బ్రోమీ వంటివి అక్కడ నిలుస్తాయి. పీచు ఆగిపోతే ఈ చక్రం మొత్తం సడలుతుంది. గోడ మీది జిగురుపొర పలచబడుతుంది, లోపల వాపు గుణం పెరుగుతుంది.

దీని ప్రభావం కడుపుతోనే ఆగదనడానికి ఒక ఆధారం హైదరాబాద్‌లోనే దొరికింది. ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఎస్. శివాజీ బృందం 2018లో యువైటిస్ అనే కంటి వాపు జబ్బు ఉన్నవాళ్ల పేగు బ్యాక్టీరియాను ఆరోగ్యవంతుల బ్యాక్టీరియాతో పోల్చింది. రోగుల్లో ఫీకాలిబాక్టీరియం, రుమినోకాకస్ వంటి, వాపును తగ్గించే గుణమున్న ప్రజాతులు తక్కువగా కనిపించాయి. పేగులో మార్పు వల్ల కంటి జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల, మందుల వల్ల పేగు మారిందా అన్నది ఇలాంటి పోలికతో తేలదు. కంటికీ పేగుకూ మధ్య చూడవలసినది ఉందని మాత్రం తేలింది.

ఇక మన పళ్లెం సంగతి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. అంతకుముందు నల్లగొండ జిల్లా ప్రధానంగా మెట్ట ప్రాంతం. జొన్న, సజ్జ, కంది, ఆముదం పండేవి. తిండి కూడా అదే: జొన్నరొట్టె, గట్క, అంబలి. కాలువ వచ్చాక నేల రూపు మారింది, తిండి మారింది. వరన్నం పండగ తిండి స్థాయి నుంచి రోజువారీ తిండి అయింది. ఇది చిన్న విజయం కాదు. ఆకలి తీర్చిన పంటను తప్పుపట్టడం నా ఉద్దేశం కానే కాదు. లంబాడా తండాల్లో నేటికీ జొన్నరొట్టె నిలిచి ఉండటం మాత్రం గమనించదగ్గది.

మార్పు ఎంతో అంకెల్లో చూద్దాం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు సుమారు 2.8 గ్రాములు. దంపుడు తరహా ముడిబియ్యంలో 4.4. జొన్నల్లో 10.2, రాగుల్లో 11.2, సజ్జల్లో 11.5. కందిపప్పులో 9. రోజుకు 400 గ్రాముల తెల్లబియ్యం తిన్నవారికి అందే పీచు 11 గ్రాములు, అన్నే జొన్నలు తింటే సుమారు 41 గ్రాములు. అదే సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం 2000 కిలోకేలరీల భోజనంలో సుమారు 30 గ్రాముల పీచు ఉండాలి. పల్చటి పులుసు పోసుకుని తెల్లన్నం తింటే ఆ లెక్క ఏ విధంగానూ కుదరదు.

జొన్న తినే కడుపులో ఎవరుంటారో చెప్పే అధ్యయనం ఆఫ్రికా నుంచి వచ్చింది. బుర్కినా ఫాసోలోని బూల్పోన్ అనే పల్లె పిల్లల్ని, ఇటలీలోని ఫ్లోరెన్స్ పిల్లల్ని పోల్చి 2010లో ప్రచురించారు. ఆ పల్లె పిల్లల తిండి జొన్న, సజ్జ, అలసందలు, కూరగాయలు. వింటుంటే పాత నల్లగొండ ఇంటి భోజనంలా లేదూ? వాళ్ల పేగుల్లో ప్రివోటెల్లా అనే పీచు విప్పే బ్యాక్టీరియా దండిగా ఉంది, బ్యూటిరేట్ వంటి పొట్టి గొలుసు కొవ్వు ఆమ్లాలు ఇటలీ పిల్లలకన్నా ఎక్కువగా తయారవుతున్నాయి. భోపాల్, కేరళ ప్రాంతాల 110 మంది మీద 2019లో వచ్చిన భారతీయ అధ్యయనంలోనూ, ఎక్కువగా శాకాహారం తినే భోపాల్ వాళ్లలో ప్రివోటెల్లాయే ముందుంది. గింజల పైపొర పీచు దాని వంతు, అరగని పిండి బ్రోమీ వంతు.

పాలిష్ చేసిన బియ్యం తెలుగువాళ్లను ఒకసారి గట్టిగా దెబ్బతీసింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో మరబియ్యం తిన్న ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి వ్యాపించింది. తవుడుతోపాటు బి1 విటమిన్ పోవడం దానికి కారణం. ఈ జబ్బు మీద పరిశోధనకే 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక చిన్న విభాగం మొదలుపెట్టాడు. అదే పెరిగి, 1958లో హైదరాబాద్‌కు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. పైన చెప్పిన పట్టికలు ప్రచురించిన సంస్థ అదే. వడ్లను ఉడకబెట్టి దంచుకునేవాళ్లకు బెరిబెరి అంతగా రాలేదని అప్పట్లోనే గమనించారు. ఉడికేటప్పుడు విటమిన్ పైపొర నుంచి గింజ లోపలికి దిగుతుంది.

ఉప్పుడు బియ్యం మిర్యాలగూడకు కొత్త కాదు. యాసంగి వడ్లు ఎండలకు పగుళ్లు బారి మరలో నూకైపోతాయి కాబట్టి వాటిని ఆవిరికి ఉడికించి, ఆరబెట్టి, మర ఆడిస్తారు. ఉడికి ఆరే క్రమంలో గింజలోని అమైలోజు కొంత మళ్లీ బిగుసుకుంటుంది, బ్రోమీకి వంతు పెరుగుతుంది. ఈ బియ్యం కేరళ, తమిళనాడు పళ్లేలకు వెళ్తుంది. మనవాళ్లకు దాని వాసన, దొడ్డుతనం నచ్చవు. 2021–22లో కేంద్రం ఈ ఉప్పుడు బియ్యాన్ని (బాయిల్డ్ రైస్) తీసుకోనన్నప్పుడు ఎంత రచ్చ జరిగిందో ఈ ప్రాంత రైతులు మరచిపోలేదు. మన మిల్లులో తయారయ్యే మేలైన తిండి మన ఇంట ఉడకకపోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో రేషన్ దుకాణాల సన్నబియ్యం పథకం మొదలైంది. పేదింటికి మంచి బియ్యం అందడం న్యాయమే. సన్నమా దొడ్డా అన్నది బ్రోమీకి పట్టదు, అమైలోజు ఎంత, పాలిష్ ఎంత అన్నవే దానికి ముఖ్యం. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో విడుదల చేసిన తెలంగాణ సోనా సన్నరకమే. రక్తంలో చక్కెరను ఎంతగా పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచి దానికి సుమారు 51 అని తేలింది. బియ్యానికి అది తక్కువే. సన్నబియ్యం తింటూనే మేలు పొందే దారి ఉందన్నమాట.

వండే తీరులోనూ కొంత ఉంది. ఇండోనేషియాలో 2015లో చేసిన ఒక పరీక్షలో అప్పుడే వండిన 100 గ్రాముల తెల్లన్నంలో అరగని పిండి 0.64 గ్రాములు. పది గంటలు బయట చల్లార్చితే 1.30. ఫ్రిజ్‌లో 24 గంటలు ఉంచి తిరిగి వేడి చేస్తే 1.65. తిన్నవాళ్ల రక్తంలో చక్కెర కూడా ఈ చివరి అన్నానికి తక్కువగా పెరిగింది. సద్దన్నం తినడం వెనక ఈ లెక్క ఉందని పెద్దవాళ్లకు తెలియకపోవచ్చు, ఫలితం మాత్రం అందింది. ఒక హెచ్చరిక చెప్పాలి. అన్నం గంటల తరబడి వెచ్చగా బయట ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే మరో బ్యాక్టీరియా పెరిగి విషం వదులుతుంది, తిరిగి వేడి చేసినా ఆ విషం పోదు. మన ఎండాకాలపు వేడిలో అన్నాన్ని త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టడమే క్షేమం. మధుమేహం ఉన్నవాళ్లు సద్దన్నం కదా అని రెండింతలు తినకూడదు. రెండింతలకు పైగా పెరిగినా ఆ అరగని పిండి రెండు శాతం లోపే, మిగతాదంతా మామూలు అన్నమే.

జొన్నల్ని కూడా దేవుడిచ్చిన మందులా చూడటం సరికాదు. జొన్నల మీదే బతికిన దక్కన్ పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించింది. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠియా 1960లో దాని మీద లాన్సెట్ పత్రికలో రాశారు. ఒకే గింజ మీద ఆధారపడటమే అక్కడ దెబ్బతీసింది. పప్పు, ఆకుకూర, గింజ కలిసిన పళ్లెం పేగుకూ మేలు, ఒంటికీ మేలు.

అరగని పిండితో ఏ రోగం తగ్గుతుందన్న దాని మీద తొందరపడి చెప్పకూడదు. కేన్సర్ వచ్చే ముప్పు వంశపారంపర్యంగా ఉన్న తొమ్మిది వందల పైచిలుకు మందిలో సుమారు సగం మందికి రోజూ 30 గ్రాముల అరగని పిండిని సగటున రెండేళ్లు ఇచ్చి, ఏళ్లతరబడి గమనించి 2022లో ఫలితాలు ప్రకటించారు. పెద్దపేగు కేన్సర్ తగ్గలేదు. అందరూ ఆశించింది అది తగ్గుతుందనే. పెద్దపేగు కాని ఇతర కేన్సర్లు మాత్రం దాదాపు సగానికి తగ్గాయి. కారణం పూర్తిగా తేలలేదు. ఇలాంటి ఫలితాలు చదివితే పేగు మీద నాకు గౌరవం పెరుగుతుంది, ప్రకటనల మీద నమ్మకం తగ్గుతుంది.

మరొక ప్రయోగం మాత్రం నిద్రపట్టనివ్వదు. మనిషి పేగు బ్యాక్టీరియా పెట్టిన ఎలుకలకు స్టాన్‌ఫోర్డ్‌లో ఎరికా, జస్టిన్ సోనెన్‌బర్గ్ దంపతులు పీచు లేని తిండి పెట్టి, పిల్లలకు, పిల్లల పిల్లలకు అదే కొనసాగించారు. ఒక తరంలో తగ్గిన జాతులు మళ్లీ పీచు పెడితే చాలావరకు తిరిగి వచ్చాయి. నాలుగో తరానికి వచ్చేసరికి చాలా జాతులు పూర్తిగా పోయాయి, పీచు పెట్టినా రాలేదు. 2016లో వెలువడిన ఈ ఫలితం ఎలుకలదే, మనుషులకు యథాతథంగా అన్వయించలేం. ఊరు వదిలి పట్నం చేరి, పట్నం నుంచి అమెరికా చేరిన తెలుగు కుటుంబాలు తమ పిల్లల పళ్లెం చూసుకోవడానికి ఇంతకన్నా పెద్ద కారణం కావాలా?

బ్రోమీని పెరుగులోనో మాత్రలోనో కలిపి ఇవ్వడం అంత తేలిక కాదు, గాలి తగిలితే చచ్చేది కదా. దానికి సిద్ధబీజాలు తయారు చేసుకునే శక్తి ఉందని 2018లో తేలింది. ఒక మనిషి నుంచి మరో మనిషికి అది ఆ రూపంలో చేరుతుండవచ్చు. చేరిన తర్వాత నిలబెట్టేది తిండే. ఉన్నపళాన పీచు రెట్టింపు చేస్తే కడుపు ఉబ్బరం, గ్యాసు తప్పవు. వారానికి కొంచెం చొప్పున పెంచుకుంటూ పోవాలి, నీళ్లు ఎక్కువ తాగాలి.

కాలువ కింద పండిన ఇంటి వడ్లను మర పట్టించుకునే కుటుంబాలు ఈ ప్రాంతంలో ఇంకా ఉన్నాయి. వాళ్లకు ఒక్క మాట. గింజ తెల్లగా మెరవాలని మిల్లువాళ్లను అడగకండి, సింగిల్ పాలిష్ చాలని చెప్పండి. వారంలో రెండు మూడు పూటలైనా జొన్నరొట్టెకో రాగి అంబలికో చోటివ్వండి. పప్పు గరిటెడు ఎక్కువ వేసుకోండి.